పలకరాళ్ల మీద ఎర్రచుక్కలు

కోటిరత్నానికి అనుమానం అన్నంతో పాటే అబ్బింది. మార్కాపురం బజారులో వాళ్లది స్టీలు పాత్రల దుకాణం. పాత్రలు తూకం మీద అమ్ముతారు. పాలుతాగే వయసులో పోలియో వచ్చి ఎడమకాలు చచ్చుబడిపోవడంతో, తోటి పిల్లలు వీధిలో తొక్కుడుబిళ్ల ఆడుకునే ఈడులో ఆమె నాయన పక్కన కూర్చుని త్రాసు ముల్లు చూడటం నేర్చుకుంది. ఎవరు పళ్లేనికి వేలు ఆనించారో, ఎవరు పాతసామానుకు వేసే గిన్నె అడుగున మట్టి మెత్తి తెచ్చారో ఇట్టే కనిపెట్టేది. నాయన మురిసిపోయేవాడు. ఆయన పోయాక దుకాణం అన్నాచెల్లెళ్ల చేతికి వచ్చింది. అన్న శేషాద్రి గల్లాపెట్టె దగ్గర కూర్చుంటాడు. కోటిరత్నం పెళ్లి మాట తలపెట్టలేదు. ఊళ్లు తిరిగి సరుకు వేసి వస్తుంది. దోర్నాల కూడలిలో శ్రీశైలం యాత్రికుల మీద బతికే హోటళ్లకు గంగాళాలు, పుల్లలచెరువు వైపు చిల్లర అంగళ్లకు చెంబులూ గ్లాసులూ ఆమె చేతి మీదుగానే పోతాయి.

మొదట్లో వెనక అదనంగా రెండు చక్రాలు బిగించిన స్కూటరు మీద తిరిగేది. వానొస్తే సరుకుతో పాటు తనూ తడిసేది. జిల్లాలు విడగొట్టిన ఏడాది, ఒంగోలులో ఒక రిటైరైన ఇంజనీరు దగ్గర పాత కారు కొన్నది. ఆటోమేటిక్ గేర్ల కారు. అందులో క్లచ్చి ఉండదు కాబట్టి ఎడమకాలికి పని ఉండదు. గేర్లు వాటంతట అవే పడతాయి. నేర్చుకున్న కొత్తలో ఒకరోజు ఎవరికీ చెప్పకుండా ఒక్కతే కంభం దాకా పోయి, చెరువు గట్టు దగ్గర కాసేపు ఆగి, తిరిగి వచ్చింది. ఆ సాయంత్రం ఆమె ముఖం చూసి వదిన శ్రీశైలమ్మ, "ఏంది రత్నమ్మా, లాటరీ తగిలిందా?" అని అడిగింది.

శేషాద్రి మాత్రం ఆ కారును ఇంట్లోకి దూరిన పామును చూసినట్టు చూశాడు.

"దోర్నాల రోడ్డంటే ఏందనుకున్నావు? లారీలు, బస్సులు, మలుపులు. కాలు సరిగ్గా లేని ఆడమనిషివి, నీకెందుకమ్మా ఇది? చెన్నకేశవస్వామి సాక్షిగా చెప్తున్నా, నేను ఆ బండి ఎక్కను, దాన్ని చేత్తో తాకను."

"తాకబాక. నిన్నెవురు తాకమన్నారు?" అన్నది కోటిరత్నం.

ఆ తర్వాత అన్నాచెల్లెళ్లు సరుకు మాట్లాడుకున్నారు, వదిన మోకాళ్ల నొప్పులు మాట్లాడుకున్నారు. కారు మాట మాట్లాడుకోలేదు.

రెండో వేసవిలో కారు మొరాయించడం మొదలుపెట్టింది. ఎత్తు ఎక్కేటప్పుడు ఒక గేరు నుంచి ఇంకో గేరుకు మారేచోట ఎవరో వెనకనుంచి గుద్దినట్టు కుదుపు. ఒంగోలులో ఒక షెడ్డుకు తీసుకుపోతే, వాళ్లు బానెట్టు అయినా సరిగా ఎత్తి చూడకుండా గేర్‌బాక్సు మొత్తం విప్పాలన్నారు. అంత తొందరగా అంత పెద్ద మాట అన్నారంటేనే కోటిరత్నానికి నమ్మకం పోయింది. బండి తిప్పుకుని వచ్చేసింది.

అప్పుడు దొరికినవాడు గిద్యోను. తర్లుపాడు దారిలోని ఒక పల్లె అతనిది. హైదరాబాదులో చాలా ఏళ్లు ఇలాంటి కార్లే తోలి, వాటి రిపేర్లూ నేర్చుకుని, తల్లికి జబ్బు చేస్తే ఊరికి వచ్చేశాడు. షెడ్డు లేదు. పిలిచినవాళ్ల ఇంటికే పోయి పనిచేస్తాడు. కారును బజారు చివరదాకా తోలి చూసి దిగాడు.

"గేర్లు విప్పబల్లేదక్కా. ఆ ఇంజనీరు సారు గేర్‌బాక్సులో ఆయిలు ఎన్నడూ మార్చినట్టు లేదు. అది మార్చి చూద్దాం. మీ ఇంటికాడే చెయ్యొచ్చు."

ఆదివారం చర్చిలో ప్రార్థన అయ్యాక వచ్చాడు. తెల్లచొక్కా విప్పి మడతపెట్టి, పాత చొక్కా తొడుక్కున్నాడు. ఆ ఇంటి వాకిలి నిండా నల్లటి పలకరాళ్లు పరిచి ఉంటాయి. వాటి మీద కారును నాలుగువైపులా సమానంగా లేపి, కింద మొద్దులు పెట్టి, వెల్లకిలా దూరాడు. అడుగున బోల్టు విప్పగానే నల్లటి ఆయిలు, మాడిన వాసనతో ధారగా పడింది. కోటిరత్నం పక్కనే కుర్చీ వేసుకుని, దుకాణంలోంచి తెచ్చిన లీటరు పాత్రతో అదంతా కొలిచింది.

"ఎంత దిగిందో అంతే పొయ్యాలక్కా. లోపల కొంత ఎట్లనూ ఉండిపోతది" అన్నాడు గిద్యోను.

నాలుగు పాత్రలు దిగింది. నాలుగు పాత్రలు కొత్తది, దానిమ్మ రసంలా ఎర్రటిది, ఆమె కళ్ల ముందే గరాటు పెట్టి పోశాడు. ఆయిలు ఎంతుందో చూసే సన్నని ఇనుపపుల్ల ఒకటి ఉంటుంది, దాన్ని వాళ్లు గేజీ అంటారు. ఆ గేజీ దూరే గొట్టంలోంచే ఆయిలు కూడా పోయాలి. తర్వాత కారు దించి, ఒక్కడే బస్టాండు దాకా తోలుకుపోయి వచ్చాడు. ఇంజను ఆపకుండానే గేజీ తీసి, తుడిచి, మళ్లీ పెట్టి తీసి చూశాడు. తల ఊపాడు.

శ్రీశైలమ్మ కాఫీ ఇచ్చింది. తాగి, గ్లాసు కింద పెడుతూ అన్నాడు.

"ఇంక దీని జోలికి పోబాకక్కా. గేజీ చూడబాక. ఏమన్నా తేడా వస్తే నాకు ఫోను చెయ్యి."

"చూస్తే ఏమైతది?"

"ఏం గాదు. చూడబాక, అంతే."

అతను పోయాడు గానీ ఆ మాట పోలేదు. పాత్రలు కడుగుతున్నా, పక్క వేసుకుంటున్నా అదే. చూడొద్దని ఎందుకన్నాడు? ఆమె ఎరిగినంతలో, చూడొద్దనేవాడి దగ్గర చూడవలసింది ఏదో ఉంటుంది. పైగా బస్టాండుకు ఒక్కడే పోయాడు. తనను రమ్మనలేదు. పోయినవాడు ఎంతసేపటికి వచ్చాడు? అప్పుడు గమనించలేదు. గమనించనందుకు తనమీద తనకే కోపం వచ్చింది.

తెల్లవారగానే బానెట్టు ఎత్తి, గేజీ లాగి చూసింది. పుల్ల మీద రెండు గీతలు ఉన్నాయి. ఆయిలు కింది గీతకు కూడా అందలేదు.

"అదీ సంగతి" అనుకుంది. కోపం కంటే ముందు ఒక రకమైన తృప్తి కలిగింది. అనుమానం నిజమైనప్పుడు ఆమెకు ఎప్పుడూ అలాగే ఉంటుంది.

మిగిలిన ఆయిలు డబ్బా వసారాలో ఉంది. తనే గరాటు పెట్టి, పైగీత తడిసేదాకా పోసింది. డబ్బాను తీసుకుపోయి తన బీరువాలో పెట్టి తాళం వేసింది. ఎవరికీ చెప్పలేదు.

కొన్నాళ్లు కారు బాగానే నడిచింది. కుదుపు పోయింది. గిద్యోను ఆయిలు దొంగిలించినా పని బాగానే చేశాడని ఆమె ఒప్పుకుంది. ఆ తర్వాత ఒకరోజు పుల్లలచెరువు నుంచి వస్తుంటే, ఇంజను అరుస్తోంది గానీ బండి ముందుకు సాగడం లేదు. కాలు ఎంత నొక్కినా జారిపోతున్నట్టుంది. ఎట్లాగో ఇల్లు చేరింది. మర్నాడు పొద్దున కారు కింద, నల్లటి పలకరాయి మీద రెండు ఎర్రచుక్కలు కనబడ్డాయి. కర్ర ఆనించి వంగి, వేలితో తాకి వాసన చూసింది. ఆ ఆయిలే.

గిద్యోనుకు ఫోను చేసింది. అతను పని సంచీతో సహా వచ్చి, బానెట్టు మీద చెయ్యి వేయబోయాడు.

"ముట్టుకోబాక" అన్నది కోటిరత్నం. "ముందు నాకు చెప్పు. ఆ రోజు ఎంత పోసినావు?"

"నువ్వే గదక్కా కొలిచింది. నాలుగు."

"పోసింది నాలుగు. మరి బస్టాండు కాడికి పోయి తీసింది ఎంత?"

గిద్యోనుకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ముఖం నల్లబడింది. వసారాలో శ్రీశైలమ్మ చేతిలో చాట అలాగే ఆగిపోయింది.

"తీసేదేందక్కా? గేర్‌బాక్సు ఆయిలు తీసి నేనేం చేసుకుంటా? దేవుడు చూస్తాడు, నేను చుక్క తియ్యలా."

"తియ్యకుంటే ఎట్ల తగ్గింది? బోల్టన్నా సరిగ్గా బిగించి ఉండవు. చూడు, ఎట్ల కారుతుందో."

తాను గేజీ చూసిన సంగతి, ఆయిలు పోసిన సంగతి మాత్రం ఆమె చెప్పలేదు. చెప్తే, చూడొద్దంటే ఎందుకు చూశావని అతనిదే పైచెయ్యి అవుతుంది. గిద్యోను నేల మీది చుక్కలకేసి చూశాడు. సంచీ భుజాన వేసుకున్నాడు.

"వేరేవాళ్లకు చూపించుకో అక్కా" అని గేటు దాటి వెళ్లిపోయాడు. గేటు మెల్లగా, చప్పుడు కాకుండా వేసి మరీ పోయాడు. అది ఆమెకు ఇంకా కోపం తెప్పించింది. గేటు దాకా పోయి, "ఆయిలు తీసినోడివి, మళ్ల నీకు రోషమా?" అని వీధిలోకి అరిచింది.

వేరేవాళ్లు ఎవరున్నారు? రోజూ సాయంత్రం వచ్చాక పలకరాళ్లను సబ్బునీళ్లతో కడిగించేది. రోజూ పొద్దున చుక్కలు కనబడేవి. దూరం పోవడం మానేసి, ఊళ్లోనే మెల్లగా తిరిగేది. ఒకరోజు, ఎంత కారిపోయిందో చూద్దామని మళ్లీ గేజీ తీసింది.

ఆయిలు పైగీతను దాటి, చాలా పైకి తడిసి ఉంది.

తుడిచి మళ్లీ పెట్టి చూసింది. అంతే. కింద కారుతోంది. లోపల పెరుగుతోంది. తన డబ్బా బీరువాలో తాళం కింద ఉంది. పోయి చూసింది. తాను వదిలినంతా అలాగే ఉంది. అంటే ఎవరో పోస్తున్నారు. బయటినుంచి తెచ్చి పోస్తున్నారు. ఏం పోస్తున్నారు? వాసన చూసింది. ఆయిలు వాసనే గానీ, అందులో కిరసనాయిలు కలిసిందో, ఇంకేం కలిసిందో ముక్కుతో ఎంత తెలుస్తుంది?

రాత్రిపూట గేటుకు తాళం ఉంటుంది. ఇంట్లో ఉన్నది ముగ్గురే.

అప్పటినుంచి ఆమె చూపు గిద్యోను మీదినుంచి జరిగి శేషాద్రి మీద పడింది. పడిన తర్వాత, ముందు కనబడనివన్నీ కనబడటం మొదలయ్యాయి. పది రోజుల కిందట దుకాణానికి ఎవరో ఒకాయన వచ్చాడు. పాత్రలేవీ అడగలేదు. వీధిలో ఆపిన కారు చుట్టూ ఒకసారి తిరిగి, శేషాద్రితో గొంతు తగ్గించి మాట్లాడి, ఆమె కర్ర చప్పుడు వినగానే వెళ్లిపోయాడు. ఎవరని అడిగితే, "ఊరికే, పామూరులో తెలిసినాయన" అన్నాడు అన్న. ఇంకోటి: అన్న పంచె అంచున ఎర్రటి మరక.

"ఏందన్నా అది?"

"తాంబూలం మరక లేమ్మా."

శేషాద్రి తాంబూలం వేసుకోడు. పన్ను నొప్పని మానేసి ఎన్నో ఏళ్లయింది.

వదినను పక్కకు పిలిచి అడిగింది. "వదినా, అన్న తెల్లారకముందే లేస్తున్నాడు, యాడికి పోతున్నాడు?"

శ్రీశైలమ్మ చూపు తప్పించింది. "ఏమోనమ్మా. గుడికేమో."

అది విన్నాక ఆమెకు ఇంక సందేహం మిగల్లేదు. కారు పాడైతే తాను తిరగడం ఆగుతుంది. పాడైన కారు అమ్మేద్దామంటే తాను కాదనలేదు. ఆ తర్వాత దుకాణంలో ఒక మూల కుర్చీ వేసి కూర్చోబెడతారు. నాయన పక్కన కూర్చున్న ఆ మూలనే. అన్న చెడ్డవాడు కాడు. కానీ మంచివాళ్లు కూడా మనమంచికేనని చేసే పనులున్నాయి. వాటినుంచి కాచుకోవడమే కష్టం.

మర్నాడు ఇంకా మసకచీకటి ఉండగానే లేచి, వాకిట్లో సిమెంటు నీళ్లతొట్టి వెనక పీట వేసుకుని కూర్చుంది. వీధిలో మొదటి నీళ్ల ట్యాంకరు పోతున్న చప్పుడు. అప్పుడే తలుపు గడియ తీసిన శబ్దం. శేషాద్రి ఉత్తకాళ్లతో వచ్చాడు. కారు కింద వంగి, పలకరాళ్ల మీద చెయ్యి తిప్పి, చేతికంటిన తడిని చూసుకుని, "రామ రామ" అనుకున్నాడు. బానెట్టు ఎత్తాడు. పైపంచె కిందినుంచి ఏదో బయటికి తీశాడు.

దుకాణంలో అమ్మే ఉగ్గుగిన్నె. పసిపిల్లలకు పాలుపోసే, ముక్కున్న చిన్న స్టీలు గిన్నె. దాన్ని రెండుచేతులా పట్టుకుని, గేజీ గొట్టంలోకి ఎర్రటి ఆయిలు చుక్క పక్కకు పోకుండా, మెల్లగా వంచుతున్నాడు.

"ఏం పోస్తున్నావన్నా అందులో?"

శేషాద్రి ఉలిక్కిపడ్డాడు. ఉగ్గుగిన్నె జారి ఇంజను మీద పడి, టంగుమని మోగుతూ రాళ్ల మీదికి దొర్లింది.

"రత్నం... నేను..."

"తాకనని ఒట్టు పెట్టుకున్నావే. ఏం పోస్తున్నావని అడుగుతున్నా. కిరసనాయిలా? నీళ్లా?"

"ఛీ ఛీ, ఏం మాటలమ్మా అవి? ఆయిలే. అదే ఎర్రాయిలు. కంభం రోడ్డులో స్పేర్ పార్టుల అంగట్లో కొన్నా." వంగి ఉగ్గుగిన్నె అందుకున్నాడు. "రోజూ పొద్దున చుక్కలు చూస్తున్నా. కారిపోతుంది గదా. నువ్వా గిద్యోనును తరిమినావు. ఎవురికీ చూపించవు. ఆయిలు లేక ఘాటు రోడ్డులో ఆగిపోతే ఏందమ్మా నీ గతి? కర్ర పట్టుకుని యాడికని నడుస్తావు?"

"మరి నాకెందుకు చెప్పలా?"

"చెప్తే వింటావా? బండి పాడు చేస్తున్నావంటావు. ఇప్పుడన్నావు గదా, అట్లనే."

గుమ్మంలో శ్రీశైలమ్మ నిలబడి ఉంది. "నాకు తెలుసు రత్నమ్మా. చెప్పొద్దన్నాడు" అన్నది.

కోటిరత్నం ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. మొగుడూ పెళ్లాలు ఒకమాట మీద ఉన్నారు. ముందే అనుకుని ఉంటే కూడా ఇలాగే ఉంటారు. ఆయన డబ్బా తెచ్చి చూపించాడు. వాసన ఒకటే. రంగు ఒకటే. అయినా మనసు ఒప్పలేదు.

"ఉన్న ఆయిలంతా దించి చూడాల" అన్నది. "ఎవురు ఎంత పోసినారో, ఎవురు ఎంత తీసినారో దాంట్లోనే తెలుస్తది."

దించాలంటే గిద్యోను రావాలి. ఆమె ఫోను అతను ఎత్తలేదు. శేషాద్రి స్కూటరు వెనక కూర్చుని, ఎన్నో ఏళ్ల తర్వాత అన్న భుజం పట్టుకుని, పల్లెకు పోయింది. గిద్యోను భార్య కరుణమ్మ మిరపకాయలు ఆరబోస్తూ కనబడింది. లేచి నిలబడింది గానీ రమ్మనలేదు.

"మా ఇంటాయన దొంగతనం చేసినాడన్నావంట గదమ్మా. బజారంతా తెలిసింది. ఇంకెవురు పిలుస్తారు ఆయన్ని పనికి?"

కోటిరత్నం బజారులో ఎవరికీ చెప్పలేదు. గేటు దగ్గర గట్టిగా అరిచింది, అంతే. మార్కాపురంలో గేటు దగ్గర అరిచినది బజారుకు చేరడానికి ఎంతసేపు పడుతుంది?

గిద్యోను లోపలినుంచి వచ్చాడు. విషయం విన్నాడు.

"వస్తా. కానీ నా చెయ్యి ఆయిలు మీద పడదు. బండి లేపి పెడతా. బోల్టు నువ్వే విప్పు, నువ్వే కొల్చుకో. నేను దూరంగా నిలబడతా."

"ఆమె కాలితో కిందికెట్ల దూరుతాదబ్బా?" అన్నాడు శేషాద్రి.

"దూరుతా" అన్నది కోటిరత్నం.

ఆ మధ్యాహ్నం కారు మళ్లీ మొద్దుల మీదికి ఎక్కింది. గిద్యోను అన్ని మొద్దులనూ తన్ని, ఊపి, కదలవని చూసుకున్నాక పక్కకు జరిగాడు. కోటిరత్నం చీర కుచ్చిళ్లు బిగించి, కర్ర పక్కన పెట్టి, మోచేతుల మీద పాకుతూ కారు కిందికి పోయింది. పలకరాళ్లు వీపుకు కాలుతున్నాయి. ఎడమకాలు ఎటు పడితే అటు పడిపోతుంటే శ్రీశైలమ్మ వంగి సరిచేసింది. పానా పట్టించి తిప్పింది. బోల్టు కదలలేదు. మళ్లీ తిప్పింది. చేతి నరాలు తేలాయి. ఇది వదులుగా బిగించిన బోల్టు కాదు. కింద దుమ్ము పొడిగా, చుట్టూ చెమ్మ లేకుండా ఉంది. కారినది ఇక్కడినుంచి కాదు. పైనెక్కడో గాలి పోయే చిన్న గొట్టం దగ్గరినుంచి ఎర్రటి జీర కిందికి దిగి ఉంది. ఆమె ఒక్క క్షణం ఆగి దాన్ని చూసింది.

మూడోసారికి బోల్టు వదిలింది. ఆయిలు నురగతో, సోడా పొంగినట్టు బుసబుసమంటూ వచ్చి, మోచేతి దాకా తడిపింది. పెట్టిన బేసిను నిండింది. శ్రీశైలమ్మ ఇంకోటి తోసింది. అదీ నిండుతోంది.

బయటికి వచ్చి, నురగ ఆరేదాకా ఆగి, ఆమె కొలిచింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఇంకా ఉంది. ఐదు. ఇంకా ఉంది. ఆరోది నిండటానికి కాస్త తక్కువ. కిరసనాయిలు లేదు, నీళ్లు లేవు. గిద్యోను పోసిన నాలుగు, తాను పోసింది, అన్న పోసింది. కారిన నాలుగు చుక్కలు పోను అంతా ఉంది. ఎవరూ ఏమీ తీయలేదు.

"మరి ఆ పొద్దున ఎట్ల తగ్గింది?" అన్నది పైకే.

"ఏ పొద్దున?" అన్నాడు గిద్యోను.

ఆమె పానా అందుకుని మళ్లీ కారు కిందికి దూరింది. బోల్టు బిగించి, నాలుగు పాత్రలు మళ్లీ పోసింది. ఇంజను వేయబోయేముందు, చల్లటి బండిలో గేజీ తీసి చూసింది. కింది గీతకు అందలేదు. సరిగ్గా ఆ రోజులాగే. కారు దింపి ఊరంతా ఒక చుట్టు తిప్పి వచ్చి, గిద్యోను చెప్పినట్టు ఇంజను ఆపకుండా మళ్లీ తీసింది. ఆయిలు పైకి పాకి, రెండు గీతల నడుమ చక్కగా నిలిచింది. ఎవరూ పోయలేదు. వేడికి అదే పొంగింది.

గేజీ తుడిచి మళ్లీ గొట్టంలో పెట్టింది. ఆ పొద్దున తక్కువైనది ఏమీ లేదు. తాను పోయబట్టి ఎక్కువైంది. ఎక్కువైనది లోపల చిలికి నురగై, గేర్లకు పట్టు తప్పి, పొంగి బయటికి కారింది. కారింది చూసి అన్న పోశాడు. ఆయన పోసేకొద్దీ ఇంకా కారింది.

"నేను గేజీ చూసినా గిద్యోనూ. మర్నాడు పొద్దున్నే. తగ్గిందని పోసినా కూడా."

"చూడబాకని చెప్పినానే అక్కా."

"అందుకే చూసినా."

గిద్యోను ముఖంలో నవ్వు లాంటిది వచ్చి, నిలవకుండా పోయింది. "చల్లబండిలో చూడబాకని చెప్పుండాల. నేనూ సగమే చెప్పినా" అన్నాడు. చేతులు కడుక్కున్నాడు. శ్రీశైలమ్మ కాఫీ తెస్తే, ఇంటికాడ తాగి వచ్చానన్నాడు. కోటిరత్నం గేటు దాకా అతని వెంట నడిచింది. వీధి అరుగు మీద ఎదురింటి సుబ్బయ్య కూర్చుని ఉన్నాడు. ఆ రోజు అరిచింది విన్నది ఆయనే. ఆయనకు వినబడేలా, "గిద్యోను ఏం తియ్యలేదు సుబ్బయ్య మామా. తప్పు నాదే" అన్నది. సుబ్బయ్య తల ఊపాడు. ఇది కూడా బజారుకు అంతే తొందరగా చేరుతుందో లేదో ఆమెకు తెలియదు. గిద్యోను వెనక్కి తిరగకుండా నడిచిపోయాడు.

ఆ వారంలోనే దోర్నాలకు గంగాళాలు వేయాల్సి వచ్చింది. కారులో సరుకు సర్దుతుంటే శేషాద్రి వచ్చి ముందుసీటు తలుపు తీసి కూర్చున్నాడు.

"ఒట్టు?" అన్నది కోటిరత్నం.

"తాకనన్నా, తాకినా గదా. ఇంక ఎక్కితే ఏంది?"

దారి పొడుగునా ఆయన తలుపు పైనున్న పిడిని వదల్లేదు. ఎదురుగా బస్సు వచ్చినప్పుడల్లా కుడికాలితో లేని బ్రేకు నొక్కాడు. కానీ ఏమీ అనలేదు. గేర్లు ఎప్పుడు మారుతున్నాయో కూడా తెలియనంత మెత్తగా కారు పోతోంది. దోర్నాల చేరేసరికి, "బాగానే తోలుతున్నావు" అన్నాడు, కిటికీలోంచి బయటికి చూస్తూ.

హోటలు నడిపే మాలకొండమ్మ గంగాళాలు దింపించుకుని, చెయ్యి తుడుచుకుంటూ కారు దగ్గరికి వచ్చింది.

"ఏమన్నా శేషాద్రన్నా, ఇదేనా బండి? పామూరులో ఉండే మా తమ్ముడు చూసి వచ్చినాడంట గదా. బాగుంటే తీసుకుంటానన్నాడు. నువ్వింకా ఏ మాటా చెప్పలేదంట?"

శేషాద్రి ఏదో గొణిగాడు. కోటిరత్నం స్టీరింగు మీద చేతులు పెట్టుకుని ముందుకే చూస్తూ కూర్చుంది. మాలకొండమ్మ ఇద్దరినీ చూసి, పొయ్యి మీద ఏదో ఉందంటూ లోపలికి వెళ్లింది.

తిరుగుదారిలో అడవి చెక్‌పోస్టు దాటాక, రోడ్డు పక్కన వేపచెట్టు నీడలో కారు ఆపింది. ఇంజను ఆపలేదు.

"అమ్ముడుపోయేదాకా బండి నడవాలని పోసినావా అన్నా, నేను ఆగిపోగూడదని పోసినావా?"

శేషాద్రి తన అరచేతులు చూసుకున్నాడు.

"అమ్ముదామని చూసిన మాట నిజమే. నీకు చెప్పకుండా చూసినా. అదీ నిజమే. ఆ పామూరాయన చూసిపోయినాక చుక్కలు మొదలైనాయి. ఊరికే మంచోణ్ణని చెప్పను. చెడిపోయిన బండి అంటగడతామా అని గూడ అనుకున్నా. కానీ పొద్దున్నే లేచి పోసేటప్పుడు నాకు కనబడింది మాత్రం నువ్వు ఆ మలుపులో ఒక్కదానివి నిలబడి ఉన్నట్టే. ఏది ముందో, ఏది వెనకో నాకే తెలియదమ్మా."

అబద్ధమైతే ఇంతకంటే అందంగా చెప్పేవాడు అనిపించింది ఆమెకు. ఇలా చెప్తే నమ్ముతానని తెలిసే చెప్పాడేమో అని కూడా అనిపించింది. రెండూ పక్కపక్కనే కూర్చున్నాయి. ఏదీ లేచి పోలేదు.

"ఈసారి ఎవురన్నా బేరానికొస్తే నా కాడికి పంపు. నేనే చెప్తా లేదని."

"సరే."

"పామూరాయనకు ఫోను చెయ్యి. ఇప్పుడే."

శేషాద్రి ఫోను తీసి, కళ్లజోడు సర్దుకుని, నంబరు వెతికి, మాట్లాడాడు. అమ్మడం లేదన్నాడు. చెల్లెలు తోలుకుంటుందన్నాడు. అవతలివాడు ఏదో అంటే, "లేదు లేదు, బండి బాగుంది. అందుకే అమ్మడం లేదు" అన్నాడు.

ఆమె అదంతా విన్నాక బండి కదిలించింది. మార్కాపురం వచ్చేదాకా దుకాణం సంగతులే మాట్లాడుకున్నారు. ఏ హోటలుకు ఏ సైజు గంగాళం కావాలో, కొత్త సరుకు ఎప్పుడు తెప్పించాలో. ఇంటి ముందు దిగి శేషాద్రి గేటు తీశాడు. ఆమె కారు లోపల పెట్టింది. తాళంచెవి రోజూ గోడకు కొట్టిన మేకుకు తగిలించేది. ఆ సాయంత్రం కాసేపు ఆ మేకు ముందు నిలబడి, చివరికి తాళంచెవిని కొంగున ముడేసుకుని లోపలికి పోయింది.